ప్రామాణిక కుక్క

డాక్టర్ కంభంపాటి సుదర్శనానికి చెప్పుకోదగ్గ దురలవాట్లేమీ లేవు, మైకు తప్ప. సిగరెట్టు ముట్టడు, పేకాట ఎరగడు. ఆసుపత్రికి వచ్చిన కుక్కనీ దాన్ని తెచ్చిన మనిషినీ ఒకే మర్యాదతో పలకరిస్తాడు. కానీ ఎవరైనా మైకు అందించి రెండు ముక్కలు మాట్లాడమన్నారంటే ఆయన లోపల ఇంకెవరో లేచి కండువా సర్దుకుంటారు. ఆ లేచినవాడు మాట్లాడేసి కూర్చుంటాడు. దాని ఫలితం మాత్రం మర్నాటి నుంచి డ్యూటీలో ఉన్నవాడు అనుభవించాలి.

కోటిలంక ప్రభుత్వ పెంపుడు జంతువుల ఆసుపత్రికి కొత్త ఎక్స్‌రే యంత్రం వచ్చిన రోజున జరిగింది అదే. యంత్రానికి బొట్టుపెట్టి, దండవేసి, గుమ్మడికాయ కొట్టారు. జిల్లా జాయింట్ డైరెక్టరు ముక్తేశ్వరరావు గారు రిబ్బను కత్తిరించి, యంత్రం పక్కన నిలబడి ఫొటో దిగారు. సుదర్శనాన్ని వందన సమర్పణ చేయమన్నారు. వచ్చినవాళ్ళకీ షామియానా వేసినవాళ్ళకీ నమస్కారం పెట్టి దిగిపోతే ఏ గొడవా ఉండేది కాదు. ఆయన దిగలేదు. నోరులేని జీవాలకి ఇంతకాలం మనం చేసింది వైద్యం కాదనీ, చీకట్లో బాణాలు వేయడమనీ అన్నాడు. ముందు వరసలో జాయింట్ డైరెక్టరు గారి తల ఊగింది. ఆ ఊపుకి ఒళ్ళు తెలియక, "ఇకమీదట ఈ ఆసుపత్రిలో ఒకటే మాట. బొమ్మ లేనిదే మందు లేదు" అన్నాడు.

చప్పట్లు గట్టిగానే పడ్డాయి. ముక్తేశ్వరరావు గారు ఆ మాటని ఆహ్వానపత్రిక వెనకాల రాసుకుని జేబులో పెట్టుకున్నారు. పై అధికారి జేబులోకి వెళ్ళిన మాట ఊరికే ఉండదని ఇన్నేళ్ళ సర్వీసులో సుదర్శనానికి తెలియకపోలేదు. కానీ ఆ పూట ఆయన సంతోషంలో ఉన్నాడు. ఎవరికో ఉంచిన లడ్డూ కూడా తనే తినేశాడు.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో సుదర్శనం మాట. కింద ఇలా ఉంది: "ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఏ జంతువుకైననూ, ఎట్టి రుగ్మతకైననూ, సదరు జంతువు యొక్క అంతరంగ చిత్రము లేనిదే చికిత్స చేయరాదు. చిత్రమును రాజధానిలోని చిత్ర పఠన విభాగమునకు పంపి, వారి అభిప్రాయము అందిన పిమ్మటనే ఔషధము నొసంగవలెను."

సుదర్శనం దాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. తన మాట జిల్లా అంతటికీ శాసనమైనందుకు గర్వపడ్డాడు. కింద తన పేరు లేనందుకు కాస్త చిన్నబుచ్చుకున్నాడు. ఆసుపత్రి గోడమీద ఆ మాటని ఎర్రరంగుతో రాయించి, అది ఎవరన్న మాట అని ఎవరైనా అడిగితే చెప్పడానికి సిద్ధంగా కూర్చున్నాడు. ఎవరూ అడగలేదు.

కొత్త విధానంలో మొదట వచ్చిన రోగి పింకీ. గర్ల్స్ హైస్కూలు హెడ్మిస్ట్రెస్ వసుంధర గారి పొమరేనియన్ కుక్క. దాని ముందుకాలిలో తుమ్మముల్లు దిగింది. సగం ముల్లు బయటికే కనబడుతోంది. సుదర్శనం పట్టకారు తీసుకుని వంగాడు. పక్కనున్న కాంపౌండరు పోలినాయుడు గోడవైపు చూశాడు. సుదర్శనం కూడా గోడవైపు చూశాడు. పట్టకారు ట్రేలో పెట్టేసి, ఒక బొమ్మ తీద్దామండీ అన్నాడు.

బల్లమీద పడుకోబెడితే పింకీ లేచింది. మళ్ళీ పడుకోబెడితే తన తోకని తనే పట్టుకోవడానికి తిరిగింది. చివరికి వచ్చిన బొమ్మలో, పొగమంచులో ఎవరో చీపురు విసిరినట్టుంది. దాన్నే రాజధానికి పంపారు. "చిత్రము అస్పష్టము. ఇందు జంతువు కలదని నిర్ధారింపజాలము" అని జవాబు వచ్చింది. ఈలోగా వసుంధర గారు ఇంటికి పోయి పిన్నీసుతో ముల్లు తీసేశారు. ఆసుపత్రి లెక్కల్లో మాత్రం పింకీ ఇంకా చికిత్స కోసం ఎదురుచూస్తూనే ఉంది.

తరువాత వచ్చిన పిల్లి యంత్రం కిందికి దూరి సాయంత్రందాకా బయటికి రాలేదు. ఆ తరువాత వచ్చిన చిలక బొమ్మలో పంజరం అద్భుతంగా పడింది. రాజధాని వారు దాన్ని శ్రద్ధగా పరిశీలించి, ఎముకలు మరీ నిటారుగా ఉన్నాయనీ, కాల్షియం తగ్గించమనీ రాశారు.

జంతువు కదలకుండా ఉండాలంటే మత్తుమందు ఇవ్వాలి. మత్తుమందు కూడా మందే. మందు ఇవ్వాలంటే ముందు బొమ్మ ఉండాలి. సుదర్శనం ఈ చిక్కుని సవినయంగా పైకి రాశాడు. పైవారు జిల్లాలోని డాక్టర్లందరితో వీడియో సమావేశం పెట్టారు. నియమంలో చిక్కు వస్తే నియమంతోనే విప్పాలి గానీ నియమాన్నే విప్పకూడదని ముక్తేశ్వరరావు గారు ఉపోద్ఘాతం చెప్పి, సలహాలు అడిగారు. కంప్యూటరుకి కూడా మైకు ఉంటుందన్నదే సుదర్శనం కొంప ముంచింది. తెరమీద తన మొహం పెద్దదిగా కనబడేసరికి లోపలివాడు లేచాడు. కదలని కుక్క ఒకటి దొరికితే బాగుండునండీ, అందరి తరఫునా దాని బొమ్మే తీసుకునేవాళ్ళం అన్నాడు.

నవ్వుతారనుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. ముక్తేశ్వరరావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. గొప్ప ఆలోచన వచ్చినప్పుడే ఆయన అలా చేస్తారు.

"కిరాణా కొట్లో కిలో అంటే ఎంతో చెప్పేది బియ్యమా, తూకం రాయా? రాయే కదా. జంతువులకి కూడా అలాంటి తూకం రాయి ఒకటి ఉండాలి. దాన్ని మనం ప్రామాణిక జంతువు అందాం" అన్నారాయన.

రెండో సర్క్యులర్ ఇంకా తొందరగా వచ్చింది. చంచల స్వభావము గల జంతువుల విషయమున, నిశ్చలముగా నుండు ప్రామాణిక జంతువు యొక్క చిత్రమునే సదరు జంతువు చిత్రముగా భావించవలెనని అందులో ఉంది. సూచన చేసినవాడే అమలు చేయాలి గనక, ఆ జంతువును వెతికే భారం సుదర్శనం మీద పడింది.

వెతకడానికి దూరం పోనక్కర్లేకపోయింది. ఆసుపత్రి గేటుకి ఎదురుగా నూకాలమ్మ చెరుకురసం బండి ఉంది. బండి నీడలో గోధుమరంగు కుక్క ఒకటి పగలంతా పడుకుని ఉంటుంది. అది పడుకునే తీరు చూసి దాన్ని అందరూ జమీందారు అంటారు.

"మావోడు కదలడండి. ఈగ వాలినా కదలడు, చెరుకుపిప్పి మీద పడేసినా కదలడు. అంత నిదానం మడిసండి" అని నూకాలమ్మ హామీ ఇచ్చింది.

పోలినాయుడు దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చి బల్లమీద పెట్టాడు. జమీందారు గడ్డం బల్లకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. బొమ్మ అద్దంలా వచ్చింది. ఆసుపత్రి అంతా ఊపిరి పీల్చుకుంది. జమీందారుని ప్రామాణిక జంతువుగా నియమిస్తూ ఉత్తర్వు వచ్చింది. ఒక పరుపు, రోజూ పాలు, రొట్టె మంజూరయ్యాయి. పాలూ రొట్టే జమీందారు వాసన చూసి వదిలేసేవాడు. ప్రభుత్వ సొత్తు వృథా కాకూడదని ఆ రొట్టెని పోలినాయుడు టీలో ముంచుకునేవాడు. నూకాలమ్మ తన బండికి ప్రామాణిక కుక్కగారి చెరుకురసం అని బోర్డు కట్టించింది. గిరాకీ పెరిగింది.

అప్పటినుంచి పని జోరందుకుంది. ఎవరి కుక్క వచ్చినా బొమ్మ జమీందారుదే, పైన పేరు మాత్రం మారుతుంది. పింకీకి దగ్గు వచ్చినా అదే బొమ్మ, ఇంకొకరి లాబ్రడార్‌కి దురద పుట్టినా అదే బొమ్మ. పిల్లులు కూడా నాలుగు కాళ్ళ మాంసాహారులే గనక వాటికీ అదే సరిపోయింది. జిల్లాకి ఒక్క ప్రామాణిక జంతువు చాలునని తేల్చడంతో మిగతా ఊళ్ళ ఆసుపత్రులకి కూడా కోటిలంక నుంచే బొమ్మ వెళ్ళేది. మొదటిసారి ఇంకొక కుక్క పేరుమీద సంతకం పెట్టేటప్పుడు సుదర్శనానికి సిగ్గేసింది. రాను రాను సిగ్గు తగ్గి, సంతకం అందంగా రావడం మొదలుపెట్టింది.

రాజధాని నుంచి అభిప్రాయాలు వచ్చాయి. పింకీ కడుపులో రాయిని పోలిన గట్టి వస్తువు కలదు. లాబ్రడార్ కడుపులో రాయిని పోలిన గట్టి వస్తువు కలదు. పిల్లి కడుపులోనూ కలదు. చూస్తుండగానే జిల్లాలో ఆసుపత్రి గడప తొక్కిన ప్రతి కుక్కకీ రాయి ఉన్నట్టు తేలింది. పేపర్లో పడింది. రాళ్ళ జబ్బు అని దానికి పేరు కూడా వచ్చింది.

జనం భయపడతారని సుదర్శనం అనుకున్నాడు. వాళ్ళు మురిసిపోయారు. పొద్దున్న కాలువగట్టు మీద షికారుకి వచ్చేవాళ్ళలో కుక్కకి రాయి లేనివాళ్ళు తల దించుకుని నడవసాగారు. ఒక ప్లీడరుగారు నిక్షేపంలాంటి కుక్కని తీసుకొచ్చి, దీనికి కూడా చూడండి, మాకేం తక్కువని అడిగారు. వసుంధర గారు పింకీ బొమ్మని ఫ్రేము కట్టించి షోకేసులో పెట్టి, ఆ సన్నని నడుము చూడండి, అచ్చం మా పింకీదే అని వచ్చినవాళ్ళకి చూపించేవారు. రాళ్ళు కరుగుతాయని ఎవరో చెప్పగా అందరూ కుక్కలకి ఉలవకట్టు పట్టడం మొదలెట్టారు. బజార్లో ఉలవలు దొరక్కుండా పోయాయి.

రాళ్ళను కనుగొనడంలో మన జిల్లా రాష్ట్రానికే మార్గదర్శి అని ముక్తేశ్వరరావు గారు సభ పెట్టి, సుదర్శనానికి శాలువా కప్పారు. సుదర్శనం మైకు అందుకున్నాడు. ఈ గౌరవం నాది కాదు, యంత్రానిది అన్నాడు. వినయంగా అన్నందుకు చప్పట్లు ఇంకా ఎక్కువ పడ్డాయి. ఇంటికి పోతూ దారిలో, ఏమో, నిజంగానే మన జిల్లా నీళ్ళలో ఏదైనా దోషముందేమో అని కూడా అనుకున్నాడు. శాలువా భుజాన ఉండగా ఆ ఆలోచన అంత అసహజంగా అనిపించలేదు.

ఇది ఇలా నడుస్తుండగా ఒక రోజు పొద్దున్నే నూకాలమ్మ ఆసుపత్రిలోకి వచ్చింది. జమీందారు నీళ్ళు తాగినా కక్కేస్తున్నాడనీ, మొహం చూస్తే భయంగా ఉందనీ చెప్పింది. సుదర్శనం అలవాటు ప్రకారం బొమ్మ తీద్దామనబోయి ఆగాడు. జమీందారు బొమ్మ ఆసుపత్రిలో బీరువా నిండా ఉంది. ఏం చేయాలో తోచక జాయింట్ డైరెక్టరుకి ఫోను చేసి, ప్రామాణిక జంతువుకి ఒంట్లో బాగాలేదని చెప్పాడు.

"అదెలా కుదురుతుంది డాక్టరుగారూ? తూకం రాయికి జ్వరం వస్తుందా?" అన్నారు ముక్తేశ్వరరావు గారు.

వాంతులవుతున్నాయని సుదర్శనం చెప్పబోయాడు. ఆయన ఓపిగ్గా వివరించారు. ఆరోగ్యం, అనారోగ్యం అన్నవి ప్రామాణిక జంతువుతో పోల్చి చెప్పేవి. ఆ జంతువును పోల్చడానికి ఇంకొక జంతువు మంజూరు కాలేదు. కాబట్టి దానికి అనారోగ్యం అనే ప్రశ్న ఉత్పన్నం కాదు. పైగా రాళ్ళ జబ్బుని అధ్యయనం చేయడానికి రాజధాని నుంచి ఉన్నత స్థాయి బృందం వస్తోంది. వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా దాన్ని ముట్టుకోకూడదు. "అదిప్పుడు కుక్క కాదండీ, ఆధారం" అని ఫోను పెట్టేశారు.

పెద్దవాళ్ళు వస్తున్నారనీ, అంతవరకూ ఆగమనీ సుదర్శనం నూకాలమ్మకి చెప్పాడు. ఆమె వాదించలేదు. బండి మూసేసి, గేటు దగ్గర కూర్చుని, జమీందారు తలని ఒళ్ళో పెట్టుకుంది. రసం కోసం వచ్చినవాళ్ళు చూసి వెళ్ళిపోతున్నారు.

సుదర్శనం లోపలికి వచ్చి ఆ రోజు సంతకాలు పెట్టడం మొదలుపెట్టాడు. టామీ, కడుపులో గట్టి వస్తువు. రాకీ, కడుపులో గట్టి వస్తువు. కిటికీలోంచి గేటు కనబడుతోంది. మూడో కాగితం దగ్గర కలం ఆగింది. ఈ బొమ్మ ఎవరెవరిదో ఇన్నాళ్ళూ ఊరందరికీ చెప్పాడు. ఇది అసలు జమీందారుది అన్న సంగతి మాత్రం తనకే తట్టలేదు. జిల్లా మొత్తం మీద ఈ బొమ్మ ఎవరి విషయంలో నిజమో, ఆ ఒక్క కుక్కనే ఎవరూ చూడలేదు.

లేచి గేటు దగ్గరికి పోయి, దుమ్ములో గొంతుకూర్చుని, జమీందారు పొట్టమీద చెయ్యి వేశాడు. నెమ్మదిగా తడుముతూ పక్కటెముకల కిందికి వచ్చేసరికి వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. జమీందారు సన్నగా మూలిగి ఆయన మొహంలోకి చూశాడు.

"ఎప్పట్నించమ్మా ఇలా పడుకోవడం?" అని అడిగాడు.

"మావిడిపళ్ళ రోజుల్నించండి. అంతకు ముందు బజారంతా ఈడిదే. ఒక్క చోట ఉండేవోడు కాదు. వయసొచ్చింది, బుద్దొచ్చింది అనుకున్నానండి. తవరు కూడా మెచ్చుకున్నారు కదా."

సుదర్శనానికి అప్పుడు అర్థమైంది. ఊళ్ళో ఉన్నన్ని కుక్కల్లో, నొప్పితో కదల్లేకుండా పడి ఉన్న దాన్ని ఏరి తెచ్చి, కొలబద్ద చేసి, పరుపు వేయించింది తనే. భయం కూడా వేసింది. రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. మెమోలు, విచారణ, శాలువా వెనక్కి ఇమ్మంటారేమో కూడా. అయినా కుక్కని ఎత్తుకుని లోపలికి నడిచి, ఆపరేషనుకి సిద్ధం చేయమని పోలినాయుడుతో చెప్పాడు. పోలినాయుడు నిలబడిపోయాడు.

"గోడవైపు చూడకు నాయుడూ. నావైపు చూడు" అన్నాడు సుదర్శనం.

మధ్యాహ్నానికల్లా అయిపోయింది. కడుపులోంచి వచ్చింది రాయి కాదు, మామిడిటెంక. నల్లగా మారి, పీచు ఊడి, చూస్తే రాయి అనే అనిపించేలా ఉంది. కడిగి ట్రేలో పెట్టి డాక్టరూ కాంపౌండరూ కాసేపు దాన్నే చూశారు. జిల్లా అంతటికీ జబ్బు చేసింది ఈ టెంక.

కొన్నాళ్ళకి జమీందారు పాలు తాగాడు. తరువాత రొట్టె తినడంతో పోలినాయుడుకి టీలోకి ఏమీ లేకుండా పోయింది. ఉన్నత స్థాయి బృందం వచ్చే నాటికి జమీందారు బజారు చివర మాంసం కొట్టు దగ్గర ఇంకో కుక్కతో తగువులో ఉన్నాడు. అందరూ కలిసి పట్టుకొచ్చి బల్లమీద పెడితే, యంత్రాన్ని ఒకసారి నాకి, బృందం నాయకుడి ఒళ్ళోకి దూకి, అక్కడినుంచి కిటికీలోంచి వెళ్ళిపోయాడు. ఎలాగో పడిన బొమ్మలో కడుపు ఖాళీగా ఉంది. ఆ ఒక్క బొమ్మతో జిల్లాలోని కుక్కలన్నిటికీ ఒకేసారి జబ్బు నయమైపోయింది. వసుంధర గారు చిన్నబోయిన మొహంతో వచ్చి, మా పింకీ రాయి ఏమైందండీ అని అడిగారు.

విచారణ జరిగింది. రాజధాని నుంచి వచ్చిన విచారణాధికారి మెత్తగా మాట్లాడే మనిషి. పక్కన ముక్తేశ్వరరావు గారు కూర్చున్నారు. ముందస్తు అనుమతి లేకుండా ఒక జిల్లాలోని రాళ్ళన్నిటినీ తొలగించడం తీవ్రమైన విషయమని అధికారి అన్నాడు. పై విభాగం రాయి అని నిర్ధారించిన వస్తువును టెంక అని రాయడం క్రమశిక్షణకి సంబంధించిన విషయమన్నాడు. అన్నిటికంటే ఆయన్ని బాధపెట్టింది ఇంకొకటి. ఆ బొమ్మ ఇతర జంతువుల ఉపయోగార్థం మంజూరైనది. దాన్ని ఆ కుక్క సొంత వైద్యానికి వాడడం ప్రభుత్వ ఆస్తిని స్వప్రయోజనానికి వాడడమే అవుతుంది.

బొమ్మని వాడలేదండీ అన్నాడు సుదర్శనం.

"మరి లోపల అడ్డు ఉందని మీకెలా తెలిసింది?"

"చెయ్యి వేసి చూశానండి."

అధికారి ఆమోదిత పరికరాల జాబితా తెప్పించి, మొదటినుంచి చివరిదాకా తిరగేశాడు. అందులో చెయ్యి లేదు. ముక్తేశ్వరరావు గారి మొహం మీద చెమట కనబడింది. డాక్టరు మునిగితే ఆ సర్క్యులర్ల మీద సంతకం పెట్టినవాడు కూడా మునుగుతాడు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. జాబితాలో లేని పరికరం నిషిద్ధం అనే కంటే, ఇంకా పరీక్షకి రాని పరికరం అనుకోవచ్చు కదా, పరీక్షిద్దాం అన్నారు. విచారణాధికారికి ఆ మాట న్యాయంగా తోచింది.

సుదర్శనం కుడిచెయ్యి యంత్రం కింద పెట్టాడు. అది కదల్లేదు. ఇంత నిశ్చలమైన నమూనా ఈ ఆసుపత్రి నుంచి ఇదివరకు రాలేదని అధికారి మెచ్చుకున్నాడు. బొమ్మ రాజధానికి వెళ్ళింది. జవాబు వచ్చేదాకా విచారణ వాయిదా పడింది. ఆ రోజుల్లో సుదర్శనం, విచారణలో ఉన్న చేత్తో అన్నం కలుపుకోవచ్చో లేదో తేల్చుకోలేక చెంచాతో తిన్నాడు. భార్య ఏమిటని అడిగితే కారణం చెప్పడానికి సిగ్గుపడి, వేలు నొప్పి అన్నాడు. ఆమె కొబ్బరినూనె రాసింది.

జవాబు వచ్చింది: "కుడిచేయి. వేళ్ళు ఐదు. లోపమేమియు కానరాలేదు. వైద్య నిమిత్తము వాడుకొనవచ్చును."

విచారణ ముగిసింది. ఇంతటి అవమానానికి కోపం రావాలని సుదర్శనానికి తెలుసు. వచ్చింది మాత్రం సంతోషం. ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, మధ్యమధ్య తీసి చూసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న ఒకాయన బుట్టలో కుందేలును తెచ్చాడు. మేత ముట్టడం లేదన్నాడు. సుదర్శనం దాన్ని బల్లమీద పెట్టి, పొట్టమీద కుడిచెయ్యి వేశాడు. చర్మం కింద వెచ్చగా, చిన్నగా గుండె కొట్టుకుంటోంది. ఎన్నాళ్ళకో మళ్ళీ ఆ వెచ్చదనం తగిలేసరికి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. బెదిరిన కుందేలు జారిపోబోతే, పట్టుకోవడానికి ఎడమచెయ్యి దానంతటదే ముందుకి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ చూడను కూడా చూడలేదు. ఆయనే ఆ చేతిని వెనక్కి లాక్కుని నడుము వెనకాల పెట్టుకున్నాడు. దానికింకా అనుమతి రాలేదు.